ఈకల యీగ

మేఫ్లై యను పురుగు పేరు మన సోదరీమణులలో పెక్కురు వినియుండరు. అది చల్లని యేళ్ల యడుగున నెలల తరబడి, కొన్ని జాతులలో రెండేండ్లు, పిల్లపురుగై పెరుగును. ఱెక్కలు వచ్చి పైకి లేచిన పిమ్మట సాధారణముగా ఒకటి రెండు దినములకన్న బ్రతుకదు. ఆ కాలమున దానికి ఆహారమే లేదు. ఱెక్కలు వచ్చిన తరువాత గూడ మరల నొకమాఱు కుబుసము విడుచుట దాని వింత. గ్రుడ్లు పెట్ట నీటిపై వ్రాలినప్పుడు ట్రౌటుచేపలు దానిని మ్రింగును.

ఆ చేపను పట్టువారు ఆ పురుగు బొమ్మను గాలమునకు గట్టుదురు. ఇంగ్లండున హాల్ఫర్డు 1886లో ఈ విద్యనుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1890లో ఆయన పంపిన నమూనాలు అమెరికాలోని థియొడోరు గోర్డనునకు చేరెను. ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి కాట్‌స్కిల్ కొండలయేళ్లకు దగినట్లు వానిని మార్చెను.

ఆ కొండలలోని రోస్కో యను నూర విన్నీ, వాల్ట్ డెట్టీ యను దంపతులుండిరి. ఏబది డాలర్లిత్తును, నేర్పుమని వాల్ట్ ఒక పేరుపొందిన పనివాని నడుగగా నాతడు నిరాకరించెను. అంతట వారు ఆతడు కట్టిన యీగలనే కొని, ఒక్కొక్క చుట్టే విప్పి చూచి నేర్చిరి! పొరుగామె చెప్పని అల్లికను విప్పి నేర్చినవారు మనలో లేరా? అదియే వారి జీవనాధార మయ్యెను. తరువాత కుమార్తె మేరీయు నాపనియే చేసెను.

మా యింట చేప వండరు. అయినను ఆ చేతిపని మమ్ము విడువలేదు. లైట్ కాహిల్ అను నీగను జూడుడు. మైనము రాచిన సన్నదారముపై లేతపసుపు ఉన్నిని పెనవేసి గాలమునకు జుట్టిన నొడలగును. బాతుఈకల పోచలు ఱెక్కలు. పుంజు మెడయీకను అడ్డముగా జుట్టగా పోచలు కిరణములవలె విచ్చుకొని, వాని కొనలపై నీగ నీట నిలుచును. ప్రాణమంతయు నిందే యున్నది.

విసరువాడు చేపకు వెనుక నిలిచి, ఏటి కెదురుగా విసరును. దారము లాగి యీగ యించుక జాఱినను చేప ముట్టదు. తడిసినచో గాలిలో ముందువెనుకలకు విసరి ఆరబెట్టును.

పెట్టయీక యేల పనికిరాదని మాకు సందేహము గలిగి, పొరుగింటి పుంజు రాల్చిన మెడయీకను, పెట్టయీకను రెండు సూదులకు జుట్టి గిన్నెనీట విడిచితిమి. పెట్టయీక మెత్తబడి క్షణములో మునిగెను. పుంజుయీక మేము వంట ముగించి వచ్చువఱకు తేలుచునే యుండెను.