ఇంటర్నెట్టులో మారుపేరు

ఇంటిపేరు చెవిని బడినంతనే ఊరును, కులమును, చుట్టరికమును ఆరా తీయుట తెలుగువారి అలవాటు. పెండ్లిపందిటిలో దానివలన పరిచయములు పెరుగును. కాని ఒక యువతి తనకు వచ్చిన రోగమును గూర్చి ఇంటర్నెట్టున సలహా నడుగదలచినప్పుడు గాని, ఒక గుమాస్తా తాను పనిచేయుచోట జరుగు అక్రమమును వెల్లడింపదలచినప్పుడు గాని ఆ యింటిపేరే అడ్డు నిలుచును. ఆమె అడుగునది రోగమును గూర్చి. అది తెలియునది మేనమామకును, సంబంధము చూడవచ్చినవారికిని! ఇట్టివారికి మారుపేరుతో తెఱచిన ఖాతా నిజముగా ఆదరువు.

పేరు దాచువాడు దొంగయే యని తలచువారు గలరు. ముసుగుచాటున దూషణములు చేయువారిని చూచిన ఆ తలంపు కలుగుట సహజమే. ఐనను వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని భారత సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనముచే ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. తన యింటి తలుపు తాను మూసికొనువానిని మన మెన్నడును తప్పుపట్టలేదు గదా.

అయితే, శ్రోతలారా, మారుపేరు ఎంతవఱకు కాపాడును? ఇందుకు అమెరికాలో జరిగిన ఉదంత మొకటి చెప్పెదను. 2006 ఆగస్టులో ఏ.ఓ.ఎల్. అను కంపెనీ, సుమారు 6,50,000 మంది మూడు నెలలపాటు తన సాధనమున వెదకిన మాటలను, పరిశోధకుల కుపయోగపడునని ప్రకటించినది. పేర్లన్నిటిని తీసివేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె నిచ్చినది. ఒక అంకెవారు తమ యూరి తోటపనివారిని వెదకిరి. ఒకే యింటిపేరుగల పలువురిని వెదకిరి. వ్రేళ్ల తిమ్మిరిని గూర్చి వెదకిరి. విడివిడిగా చూచిన ఇందులో రహస్య మేమున్నది? కాని న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు వీనిని ఒకచోట చేర్చి, కొలది దినములలోనే ఒక వృద్ధురాలి తలుపు తట్టిరి. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ పట్టికను తొలగించినది గాని, అప్పటికే దాని ప్రతులు లోకమంతట వ్యాపించినవి.

విరాటుని కొలువులో భీముడు వలలుడను పేర వంటవాడై దాగియుండెను. పేరు బయటపడలేదు. కీచకుడు చచ్చెనను వార్త వినినంతనే, ఇది భీముని పనియే యని దుర్యోధనుడు పసిగట్టెనని మనవారు చెప్పుకొందురు. మారుపేరునకు పేరుకంటె అలవాట్లే శత్రువులు.

మొదటి శత్రువు ఫోను నంబరు. నిత్యము వాడు నంబరుతోనే రహస్యఖాతా తెఱచినచో, ఆ నంబరును తమ ఫోనులో వ్రాసికొన్న బంధువులకు, "వీరిని మీరెఱుగుదురా?" యని ఆ సంస్థయే మన ఖాతాను చూపవచ్చును. కావున వేఱు ఈమెయిలుతో తెఱచుట మేలు. అన్యత్ర వాడిన మారుపేరును ఇచట మరల వాడరాదు.

ఛాయాచిత్రములు మఱింత ప్రమాదకరములు. ఫోనుతో తీసిన చిత్రమున, తీసిన కాలమును స్థలమును గూడ ఇమిడియుండవచ్చును. కంప్యూటరులను వైరస్సులనుండి కాపాడు సాధనముతో ప్రసిద్ధికెక్కిన జాన్ మెకాఫీ, 2012లో బెలీజ్ పోలీసులను తప్పించుకొని తిరుగుచుండగా, ఒక పత్రిక ప్రకటించిన ఆయన చిత్రమున అక్షాంశ రేఖాంశములు మిగిలియుండుటచే, ఆయన గ్వాటెమాలాలో నున్నట్లు వెల్లడియైనది. ఇతరులకు కాపలా నేర్పినవాని గతియే ఇట్లున్నది!

మన భాషయు మనలను పట్టియిచ్చును. ఒకే కాయను ఆనపకాయ యనువాడు కోస్తావాడనియు, సొరకాయ యనువాడు తెలంగాణమువాడో రాయలసీమవాడో యనియు ఊహింపవచ్చును. దానికి ఉద్యోగమును, పిల్లల సంఖ్యను జోడించినచో ఇరుగుపొరుగువారికి అంతయు తెలిసిపోవును.

ఒక హద్దు మాత్రము గుర్తింపవలెను. మారుపేరు బంధువులనుండి, యజమానినుండి, అపరిచితులనుండి దాచును గాని, ఖాతానిచ్చిన సంస్థనుండి పూర్తిగా దాచదు. మన ఫోను ఏ చిరునామానుండి కలిసినదో ఆ సంస్థ కెఱుకయే. చట్టప్రకారము అధికారులు కోరినచో తెలుపును గూడ. దూషించి తప్పించుకొందుమనుకొనువారు ఇది మఱవకుందురు గాక.

ఇప్పటికే స్వనామముతో నున్న ఖాతాకు పేరు మాత్రము మార్చుట చాలదు. పాత మిత్రులును, పాత వ్రాతలును అందే నిలిచియుండును. క్రొత్తది తెఱచి, అందు మొదటి మిత్రునిగా సొంత తమ్ముని చేర్చుకొనకుండుట మేలు.