పేలుడూ, పాలపొంగూ

ఆంగ్ల వాచకంలో ఒక కథ ఉన్నదనుకొందాము. అందులో ఒక యజమాని, నౌకరు చేసిన చిన్న పొరపాటుకు హఠాత్తుగా ఆగ్రహిస్తాడు. కథకుడు ఆ ఆగ్రహాన్ని ‘ఎక్స్‌ప్లోడ్’ అనే ఒక్క క్రియతో సూచిస్తాడు. విద్యార్థి నిఘంటువు తిరగవేసి, “అంతట యజమాని పేలిపోయెను” అని తెనిగిస్తాడు. తరగతి అంతా గొల్లున నవ్వుతుంది. ఇటువంటి అనువాదాన్ని ఎర్రసిరాతో కొట్టివేయని భాషోపాధ్యాయుడు ఉండడేమో! కాని కొట్టివేసిన మాటకు పైన ఏ మాట వ్రాయాలి? అసలు చిక్కు అక్కడ ఉన్నది.

ఆ చిక్కు విడవలెనంటే ముందుగా ఆంగ్లపదాల పుట్టుపూర్వోత్తరాలు కొంత విచారించాలి. ‘ఎక్స్‌ప్లోడ్’ అనే మాట మందుగుండు కొట్టులో పుట్టలేదు, నాటకశాలలో పుట్టింది. లాటిన్ భాషలో ‘ఎక్స్’ అనగా వెలుపలికి, ‘ప్లౌదెరే’ అనగా చప్పట్లు చరచుట. ఆట నచ్చని ప్రేక్షకులు చప్పట్లతో, కేకలతో నటుణ్ణి రంగస్థలం నుండి వెళ్ళగొట్టడం ఆ మాటకు తొలి అర్థం. 1755లో వెలువడిన జాన్సన్ పండితుని ఆంగ్ల నిఘంటువులో కూడ, తిరస్కార ధ్వనులతో అవమానించి వెళ్ళగొట్టుట అనే భావమే ముందుగా కనిపిస్తుంది. పెద్ద చప్పుడుతో బ్రద్దలగుట అనే అర్థం ఆ తరువాత స్థిరపడింది. కోపం దానికి ఇంకా వెనుక వచ్చి చేరింది. జనం కోపించి నటుణ్ణి తరమడంతో మొదలైన మాట, చివరకు మనిషి తన కోపానికి తానే బ్రద్దలు కావడం దాకా ప్రయాణించింది.

దాని తోబుట్టువుల కథలూ ఇటువంటివే. ‘డిటొనేట్’లో లాటిన్ వారి ఉరుము ఉన్నది, ‘ఫుల్మినేట్’లో వారి పిడుగు ఉన్నది. ‘ఇరప్షన్’ అనగా పగులగొట్టుకొని పైకి రావడం. ‘వోల్కేనో’ రోమకుల అగ్నిదేవుడైన వల్కన్ పేరు. ఇక కోపానికి సాధారణ నామమైన ‘యాంగర్’ ఉత్తర ఐరోపా ప్రాచీన భాషలో దుఃఖానికి, వేదనకు పేరు. కోపం అడుగున దుఃఖం ఉంటుందని ఆ మాట ఇప్పటికీ మెల్లగా చెబుతూనే ఉన్నది. మన ‘ఉక్రోషం’ ఇందుకు దగ్గర చుట్టం. ఏమీ చేయలేని వాని కోపంలో కన్నీటి తడి ఉంటుందని తెలిసినవారే ఆ మాటను వాడుకలో నిలిపారు.

మరి మన తెలుగు కోపం ఎక్కడ పుట్టింది? వంటింటిలోను, కళ్లంలోను, ఏటి గట్టున పుట్టింది. ‘నిప్పులు చెరగడం’లో చేట ఉన్నది. ‘కారాలు మిరియాలు నూరడం’లో రోలు ఉన్నది. ‘అగ్గిమీద గుగ్గిలం’లో ధూపం వేసే ఇల్లాలి చేయి ఉన్నది. నాగావళి, వంశధార పొంగులు ఎరిగిన శ్రీకాకుళ సీమవారికి ‘కోపం కట్టలు తెంచుకొన్నది’ అంటే వ్యాఖ్యానం అక్కరలేదు.

‘పేలు’ అనే క్రియ కూడ మనకు తుపాకితో వచ్చినది కాదు. మంగలంలో వేగిన గింజ పేలుతుంది. వాటికి పేలాలని పేరు. నోటికి అదుపులేనివాడు కూడ పేలుతాడు, అందుకే “పేలకు!” అని గద్దిస్తాము. కోపించినవాడు పేలాడంటే, కోపించాడని కాక, వదరాడని ధ్వనిస్తుంది. విద్యార్థి అనువాదానికి తరగతి నవ్వడంలోని రహస్యం ఇదే. ఆ బాలుడు అర్థం తప్పలేదు, నుడికారం తప్పాడు.

ఇంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. విజయనగరం ప్రాంతంలో 1892 నుండి మాంగనీసు తవ్వకాలు సాగాయి. రాతిలో మందు కూరి పేల్చే పని చూచినవారికి తెలుసు: పేలిన బండ మరల అతుకదు. కాని పాలపొంగు అటువంటిది కాదు. నాలుగు నీటిచుక్కలు చల్లితే అణగిపోతుంది. తాటాకు మంట భగ్గుమని లేచి, చూస్తూండగానే ఆరిపోతుంది. రాజుకొన్న కుంపటి చల్లారుతుంది, వచ్చిన వరద తీస్తుంది. మన భాషలో ఆకస్మిక కోపానికి ఉన్న మంచి మాటలలో పెక్కు, ఆ కోపం పోయే దారిని కూడ తమలోనే దాచుకొన్నాయి. ఆంగ్లంలో కోపం చల్లబడే మాటలు లేవని కాదు. కాని మందుగుండు నుండి తెచ్చుకొన్న మాటలలో తరువాత మిగిలేది ముక్కలే. కావున అనువాదకుడు కోపం ఎంత గట్టిగా ధ్వనించిందని మాత్రమే చూస్తే చాలదు. అది పోయిన తరువాత ఏమి మిగిలిందో కూడ చూడాలి. యజమాని మరుక్షణం నవ్వితే అది పాలపొంగు. నౌకరు కొలువు పోతే యజమాని నిప్పులు చెరిగినట్టు. సందర్భమే నిఘంటువు.

ఈ సూక్ష్మం ఎరిగిన మహాకవి విజయనగరంలోనే వెలసాడు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి దిద్దిన రూపం పొందింది. అందులోని కోపిష్ఠికి కవి అగ్నిహోత్రావధాన్లు అని పేరు పెట్టాడు. అగ్నిహోత్రమంటే కుండంలో, వేళకు, నియమంతో కాపాడుకొనే నిప్పు. ఈయనలోని నిప్పుకు కుండమూ లేదు, వేళా లేదు. పసిపిల్లను ధనాశతో ముసలివానికి కట్టబెట్టబోతూ, కాదన్నవారి మీద మండిపడతాడు. న్యాయం తన పక్షాన లేనప్పుడు కోపం ఎంత గొంతు చించుకొంటుందో ఆ పాత్ర చూపుతుంది. ఆ కోపం మన చెవికి నిజమని తోచడానికి కారణం, అది ఈ సీమ జనుల నోటిమాటలో పలకడమే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించినది ఈ నోటిమాట పక్షాననే. సవరల భాషకు 1938లో నిఘంటువు కూర్చిన ఆ మహనీయుడు, మాటను పుస్తకంలో కంటె ముందు మనిషి దగ్గర వెదకాలని నేర్పాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈ మాటల పరీక్ష తరగతిలో విద్యార్థులకే కాదు, మనకూ ఉన్నది. లెక్క తప్పిన బాలునిపై మనం కోపించిన రోజున, వాడు ఇంటికి వెళ్ళి తల్లితో ఏ మాట చెబుతాడు? “మాస్టారికి కోపం వచ్చింది, తగ్గిపోయింది” అని చెబితే అది పాలపొంగు. మరునాడు బడికి రానని మొండికేస్తే, ఆ పసిమనస్సులో మనం పేల్చినది బండనే. మన కోపానికి సరియైన పేరు పెట్టే అధికారం మనది కాదు, దానిని భరించినవానిది.

ఈ సీమ పల్లెలలో ఇద్దరు తగవులాడుకొంటూ ఉంటే పెద్దలు మధ్యకు వచ్చి “ఒగ్గెయ్!” అంటారు. వదలివేయమని దాని అర్థం. ఉరుమూ పిడుగూ దాచుకొన్న ఆంగ్లపదాలన్నీ మన పిల్లలు తప్పక నేర్వవలసినదే. వాటితోపాటు ఈ చిన్న మాటను కూడ నేర్పుదాము.