మోటారు మార్చితే ఎండిన బోరులో నీరు వస్తుందా?
కంప్యూటరు వేగానికీ ఇదే లెక్క

అనంతపురం: వాననే నమ్ముకొని బతకలేక పిల్లలను కంప్యూటరు చదువులకు పంపే రైతు కుటుంబాలు ఈ కరువు సీమలో ఎన్నో ఉన్నాయి. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో ఇక్కడికి తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల 2008లో ఏర్పడిన అనంతపురం జె.ఎన్.టి.యు.లో భాగమైంది. ఇటువంటి చదువుల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. షెల్ స్క్రిప్టును యంత్రభాషలోకి మార్చితే పని త్వరగా అవుతుందా?

షెల్ స్క్రిప్టు అంటే కంప్యూటరుకు రాసియిచ్చే పనుల పట్టీ. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో బెల్ లాబ్స్ వారి యూనిక్స్ ఏడవ కూర్పులో వెలువడింది. షెల్ ఈ పట్టీని వరుస వెంట వరుస చదువుతూ, చాలా పనులను వేరే ప్రోగ్రాములకు పురమాయిస్తుంది. పది సరుకులకు పదిసార్లు బస్సెక్కి సంతకు పోయివచ్చినట్లు ఉంటుంది. సి వంటి భాషలో రాస్తే కంపైలరు అంతటినీ ముందే యంత్రభాషలోకి మార్చి ఉంచుతుంది. ఒక్క ప్రయాణంలో అన్ని సరుకులూ వచ్చినట్లే. ఒకే లెక్కను వేలసార్లు తిప్పే పనులలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

సంచి మార్చితే చాలదు

స్క్రిప్టును సి ప్రోగ్రాముగా మార్చే 'ఎస్‌హెచ్‌సి' అనే సాధనం ఉన్నది. దీనితో వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు. అది స్క్రిప్టును రహస్య లిపిలో దాచి, నడిపేటప్పుడు విప్పి, మళ్లీ షెల్‌కే అప్పగిస్తుంది. వేరుశనగ కాయలను ఒలవకుండా కొత్త సంచిలో పోసినట్లే! వేగం కావాలంటే ఆ పనిని సి వంటి భాషలో కొత్తగా రాయవలసిందే.

అలా రాసినా అన్నివేళలా ఫలితం ఉండదు. సార్ట్, గ్రెప్ వంటి ప్రోగ్రాములు ముందే యంత్రభాషలో ఉన్నాయి. ఆలస్యం డిస్కు వద్దనో, నెట్‌వర్కు వద్దనో ఉంటే ఏ భాషలో రాసినా ఆగక తప్పదు. బోరు అడుగంటితే అయిదు హెచ్‌పి మోటారు తీసి పది హెచ్‌పి బిగించినా నీరు రాదని ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

స్క్రిప్టు ముందు 'టైమ్' అని చేర్చి నడిపితే మొత్తం ఎంతసేపు పట్టిందీ, అందులో ప్రాసెసరు ఎంతసేపు పనిచేసిందీ తెలుస్తుంది. ఆలస్యమెక్కడో చూసుకొని, ఆ ఒక్క భాగాన్ని తిరగరాస్తే చాలు. చూడకుండా మొత్తం తిరగరాస్తే రోజుల కష్టం ఎండిన బోరుకు పెట్టిన ఖర్చే అవుతుంది.