ఐదు పిక్సెళ్ల గడిలో నాలుగు దెయ్యాలు

చిన్న తెర మీద పాక్‌మాన్‌కు నకలు చేసినవాళ్లు దొంగలా, శ్రద్ధగల పాఠకులా?

వీడియో గేమ్‌ను న్యాయమూర్తులు ఇంత శ్రద్ధగా చూశారా అని ముచ్చటేసే తీర్పు ఒకటుంది. 1982 మార్చిలో అమెరికాలోని ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇచ్చింది. పాక్‌మాన్‌ను ఇళ్లలోని టీవీలకు తెచ్చే హక్కు అటారీది. ఫిలిప్స్ వాళ్లు తమ ఒడిస్సీ యంత్రానికి ‘కె.సి. మంచ్‌కిన్’ అనే ఆట తెచ్చారు. అమ్మకం ఆపడానికి కింది కోర్టు ఒప్పుకోలేదు, పై కోర్టు ఆపమంది. ఆపమనడానికి చూపిన కారణంలోనే విశేషమంతా ఉంది. చిక్కుదారి, చుక్కలు తినడం, మార్కుల పట్టిక లాంటివి ఈ తరహా ఆట అన్నాక ఉండేవేననీ, వాటికి దొరికే రక్షణ చాలా తక్కువనీ చెప్పింది. పాక్‌మాన్‌లో చుక్కలు రెండు వందలకు పైనే, మంచ్‌కిన్‌లో 12, పైగా అవి కదులుతుంటాయి. ఆ తేడాలన్నీ లెక్కలోకి తీసుకుంది. అయినా నోరు తెరుస్తూ మూస్తూ మింగుకుపోయే ఆ బొమ్మ, కళ్లూ కాళ్లూ ఉన్న ఆ దెయ్యాలు మాత్రం పాక్‌మాన్ సొంత రూపాలంది. దుకాణాల్లో అమ్మేవాళ్లే మంచ్‌కిన్‌ను పాక్‌మాన్ లాంటిదని చెప్పి అమ్మిన సంగతీ తీర్పులోకి ఎక్కింది. ఆట నడిచే పద్ధతి అందరిదీ, ఆట మొహం మాత్రం చేసినవాడిది. ఆ తీర్పు గీసిన గీత ఇదీ.

సరిగ్గా ఈ గీత దగ్గరే అరచేతి కంప్యూటర్ల మీది నకళ్ల గురించి ఆలోచించాలి. 1996లో వచ్చిన పామ్ పైలట్ తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 160 ఎత్తు. అందులో చౌక రకానికి జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, నడిపేది రెండు సన్న బ్యాటరీలు. అసలు పాక్‌మాన్ చిక్కుదారిలో గడులు అడ్డంగా 28, నిలువుగా 31, ఒక్కో గడి 8 పిక్సెళ్లు. దాన్ని పైలట్‌లోకి దించాలంటే గడి ఎంతకు తగ్గాలి? ఆరు పిక్సెళ్లు పెడితే వెడల్పే 168 అవుతుంది, తెర దాటిపోతుంది. ఐదు పెడితే 140కి 155, అతికినట్టు సరిపోతుంది. మార్కులు వేసుకోవడానికి పక్కన 20 పిక్సెళ్ల పట్టీ కూడా మిగులుతుంది. అసలు ఆటలో 16 పిక్సెళ్ల చదరంలో గీసిన దెయ్యం ఈ కొలతకు పదికి కుదించుకుపోతుంది. కంటికి దక్కేది రెండు మూడు పిక్సెళ్లు. ఎరుపు, గులాబీ, లేత నీలం, నారింజ రంగులు ఆ నలుపు తెలుపు తెర మీద అసలే ఉండవు. కోర్టు ఏ రూపాన్ని కాపాడిందో దాన్ని ఈ తెర చాలావరకు తనంతట తానే చెరిపేస్తుంది. మిగిలేది కోర్టు అందరికీ వదిలేసిన పద్ధతి.

ఆ పద్ధతిలోనే ఆట ప్రాణం ఉందన్నది ఈ వ్యాసం వాదన. 1980లో నామ్కో కంపెనీలో తోరు ఇవతాని రూపొందించిన ఈ ఆటలో నాలుగు దెయ్యాలకు నాలుగు బుద్ధులు. బ్లింకీ మీరున్న గడికే వస్తుంది. పింకీ మీ మొహం ఎటుందో చూసి నాలుగు గడుల ముందుకు గురి పెడుతుంది. మీకు రెండు గడుల ముందున్న చోటికి బ్లింకీ నుంచి గీత గీసి, దాన్ని రెట్టింపు చేస్తే ఎక్కడ తేలుతుందో అక్కడికి పోతుంది ఇంకీ. క్లైడ్ ఎనిమిది గడుల అవతల ఉన్నంతసేపూ తరుముతుంది, దగ్గరికొస్తే జంకి తన మూలకు మళ్లుతుంది. వెనక్కి తిరగడం వాటి ఇష్టం కాదు, వచ్చే కూడలిలో ఎటు తిరగాలో ఒక గడి ముందే తేల్చుకోవాలి. విజయవాడలో వారధి మీదుగా బెంజ్ సర్కిల్‌కు వచ్చే బండి కూడా అంతే: ఫ్లైఓవర్ ఎక్కి ఏలూరు వైపు పోవాలా, కిందనే ఉండి బందరు రోడ్డుకు తిరగాలా అన్నది కూడలి రాకముందే నిర్ణయించుకోవాలి. దెయ్యాల లెక్కలన్నీ కూడికలు, తీసివేతలు, దూరాల పోలికలే. అసలు ఆట యంత్రంలో 3 మెగాహెర్ట్జ్ జెడ్80 చిప్ చేసిన పనికి పైలట్‌లోని 16 మెగాహెర్ట్జ్ చిప్ ఏమాత్రం వెనకాడదు.

రంగు పోతే ఏది బ్లింకీయో ఏది క్లైడో ఎలా తెలుస్తుంది, ఆట సగం చచ్చినట్టే కదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. చూడగానే గుర్తుపట్టే సుఖం నిజంగానే పోతుంది. కానీ నడక చూసి గుర్తుపట్టొచ్చు. వెంటపడేది ఒకటి, అడ్డం వచ్చేది ఇంకొకటి, దగ్గరికొచ్చి పారిపోయేది మరొకటి. దెయ్యాలను లాటరీ తీసినట్టు తిప్పిన నకలులో మాత్రం ఈ తేడా కూడా ఉండదు. చిక్కుదారి ఎంత ముద్దుగా గీసినా అది పాక్‌మాన్ కాదు, వట్టి పరుగు. పద్ధతి అందరిదైనంత మాత్రాన ఒకరి ఆలోచనను ఉన్నదున్నట్టు ఎత్తుకోవచ్చా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. పాక్‌మాన్ పేరు తగిలించి డబ్బు చేసుకున్నవాళ్లను వెనకేసుకురావడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే ఐదు పిక్సెళ్ల గడిలో ఆ నాలుగు బుద్ధులనూ నిలబెట్టాలంటే, వాటిలో దేన్ని వదిలితే ఆట కూలుతుందో ముందు తెలియాలి. అది ఇవతాని పనిని వరసవరసా చదివినవాడికే తెలుస్తుంది. అలాంటి నకలుకారుడికి ఈ వ్యాసం మనస్ఫూర్తిగా దణ్ణం పెడుతుంది.

మిగిలిన ముచ్చట్లు

అటారీ పోర్ట్‌ఫోలియో (1989): ఇదీ అరచేతి కంప్యూటరే. తెర 240కి 64 పిక్సెళ్లు. 31 వరసలు పట్టించాలంటే వరసకు రెండు పిక్సెళ్లే. ఇక్కడ కుదించడం కుదరదు, చిక్కుదారినే కొత్తగా గీయాలి.

256వ అంచె: అసలు పాక్‌మాన్‌లో అంచెల లెక్క 8 బిట్లలో ఉండటం వల్ల 256 దగ్గర పళ్ల బొమ్మలు గీసే భాగం తడబడి, తెర కుడి సగం చిందరవందర అవుతుంది.

సింప్యూటర్: బెంగళూరులో పుట్టిన మన అరచేతి కంప్యూటర్. తెర 240కి 320. పాక్‌మాన్ అసలు తెర 224కి 288. ఒక్క పిక్సెల్ కూడా కుదించకుండా అందులో పట్టేస్తుంది.