‘ఒక్కదానికి ఎంత?’: అపోహలు – వాస్తవాలు

బీదర్ జిల్లా మన్నళ్ళి లాంటి ఊళ్ళలో కందులు, సోయా క్వింటాల్ లెక్కన అమ్ముతారు. పప్పు కిలో లెక్కన కొంటారు. ఆ బేరాలు వింటూ పెరిగిన పిల్లలే బడిలో ‘ఏకవస్తు పద్ధతి’, అంటే ముందు ఒక్కదాని విలువ కనుక్కుని లెక్క చేయడం, అనగానే తడబడతారు. కొన్ని అపోహలు వాళ్ళకు అడ్డం పడుతున్నాయి.

అపోహ: పెద్ద అంకెను చిన్న అంకెతో భాగిస్తే ఒక్కదాని ధర వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. 250 గ్రాముల కందిపప్పు 40 రూపాయలు అనుకుందాం. 250ని 40తో భాగిస్తే 6.25 వస్తుంది. అది ధర కాదు, రూపాయికి వచ్చే పప్పు, గ్రాముల్లో. 40ని 250తో భాగిస్తే 0.16, అంటే గ్రాముకు 16 పైసలు. భాగహారం రెండుసార్లూ సరిగ్గానే ఉంది, అడిగిన ప్రశ్నలే వేరు. అందుకే భాగించే ముందు ‘దేనికి ఎంత?’ అని పిల్లల్ని అడగాలి. గ్రాముకు ఎన్ని రూపాయలని అడిగితే గ్రాములతోనే భాగించాలి. ‘పావుకిలో నలభై, నాలుగు పావులు నూట అరవై’ అని నోటితో చెప్పే పిల్లవాణ్ణి మాత్రం ఆపకండి. అదీ ఈ లెక్కే, పైగా చక్కని లెక్క.

అపోహ: పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే.

వాస్తవం: అరకిలో 78, కిలో 160 అయితే రెండు చిన్న ప్యాకెట్లకు 156 రూపాయలే. 2021లో సవరించిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం, తూకం కిలోకు తక్కువైతే గ్రాము ధర, ఎక్కువైతే కిలో ధర ప్యాకెట్‌పై ముద్రించాలి. దాన్ని పిల్లల చేత చదివించండి.

అపోహ: మనుషులు రెట్టింపైతే జవాబూ రెట్టింపవుతుంది.

వాస్తవం: నలుగురు కూలీలు 6 రోజుల్లో కంది కోస్తే, ఎనిమిది మందికి 12 రోజులు పట్టవు. ఒక్కరే కోస్తే 24 రోజులు, ఎనిమిది మందికి 3 రోజులు. కొనే పప్పు పెరిగితే ఇచ్చే డబ్బు పెరుగుతుంది, చేతులు పెరిగితే రోజులు తగ్గుతాయి. సూత్రం పట్టుకునే ముందు ఈ తేడా పిల్లలే పైకి చెప్పాలి.

అపోహ: ఇదంతా ఇంగ్లీషు చదువుతో వచ్చింది.

వాస్తవం: మూడు రాశులు తెలిస్తే నాలుగోది కనుక్కునే త్రైరాశికం 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆ రాజు రాజధాని మాన్యఖేటమే నేటి మల్ఖేడ్, బీదర్ పక్కనున్న కలబురగి జిల్లాలో ఉంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఇది మన గడ్డ మీద పెరిగిన లెక్క అని పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

ఈసారి సరుకులకు వెళ్ళేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు అంకె చెప్పగానే సరేననకండి. ‘గ్రాముకు ఇన్ని పైసలు’, ‘కిలోకు ఇన్ని రూపాయలు’ అని పూర్తిగా చెప్పించండి.