ఉమ్మెత్త పుప్పొడి అడిగిన ప్రశ్న

శివపూజకు తప్ప ఉమ్మెత్తను పెరటిలోనికి రానిచ్చేవారు అరుదు. అటువంటి విషపు మొక్కే, కలకత్తాలో పుట్టిన ఒక శాస్త్రవేత్త చేతిలో, సస్యజననాన్ని గురించిన పాత నమ్మకాన్ని తలక్రిందులు చేసింది.

1938లో జన్మించిన శిప్రా గుహ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం అభ్యసించి, అక్కడే పరిశోధనకు పూనుకొన్నారు. ఆమె, సహచరుడు సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త మొగ్గలలోని పరాగకోశాలను వేరుచేసి పోషకద్రవ్యంపై పెంచసాగారు. పుప్పొడి ఏర్పడే వేళ జరిగే క్షయకరణ విభజనను పరిశీలించడమే వారి ఉద్దేశం. కొన్ని వారాలు గడిచేసరికి ఆ కోశాలలోనుండి బుల్లి పిండాలు తొంగిచూచాయి. విత్తనంలో ఉండవలసిన పిండాలు అవి! పుప్పొడి పురుషాంశ, అండంతో కలిసిన పిదపనే పిండం ఏర్పడడం ప్రకృతి ధర్మం. ఇక్కడ తల్లి ప్రమేయం లేకుండానే తండ్రి బిడ్డను కన్నట్లయింది.

1964లో 'నేచర్' పత్రిక ఈ వార్తను ప్రకటించింది. అవి కోశపు గోడలనుండి పుట్టినవేమో అన్న సందేహం సహజమే. 1966లో వారే దానిని తీర్చారు: పరాగరేణువే విభజన చెంది పిండమవుతున్నది. మామూలు ఉమ్మెత్త కణంలో 24 క్రోమోసోములుంటే ఈ మొక్కలలో 12 మాత్రమే ఉన్నాయి. ఆ సంఖ్యను రెట్టింపు చేస్తే ఒక్క తరంలోనే శుద్ధవంశం లభిస్తుంది. ప్రజననశాస్త్రజ్ఞులు ఈ సౌలభ్యాన్ని వెంటనే అందిపుచ్చుకొన్నారు.

అయితే పుప్పొడిని పిండంగా మారమని ఆజ్ఞాపించినది ఏది? ఆ ప్రశ్నకు జవాబు నెమ్మదిగా వచ్చింది. ఆవజాతి పంటలో పుప్పొడినుండి పెంచిన పిండాలను శోధిస్తూ 2002లో ఒక జన్యువును కనుగొని 'బేబీ బూమ్' అని చమత్కారంగా పేరు పెట్టారు. దానిని అతిగా పనిచేయిస్తే మొక్క ఆకులమీదనే పిండాలు మొలిచాయి!

2019లో కాలిఫోర్నియాలో ఇమ్తియాజ్ ఖాందే, వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలో అసలు మర్మాన్ని వెల్లడించింది. ఫలదీకరణ జరిగిన వెంటనే ఈ జాతి జన్యువులలో ఒకదాని తండ్రి ప్రతి మేలుకొంటుంది. తల్లి ప్రతి మొదట మౌనంగా ఉంటుంది. ఆ జన్యువును అండంలోనే మేలుకొలిపితే పురుషబీజం కలవకుండానే అండం పిండమవుతుంది. దానికి తోడు క్షయకరణ విభజనను తప్పించగలిగితే పుట్టే మొక్క అచ్చం తల్లియే.

ఇందులో రైతుకేమి పని? సంకరవరి గింజలను దాచి మరుసటి ఏడు విత్తితే గుణాలు చెదరిపోతాయి. అందుచేత ఏటేటా విత్తనాలు కొనక తప్పదు. తల్లిని పోలిన గింజలే వస్తే ఆ ఖర్చు ఉండదు. విత్తన వ్యాపారులకు ఇది ఎంతవరకు రుచిస్తుందన్నది వేరే మాట. 2022లో ప్రకటించిన ప్రయోగంలో సంకరవరి మొక్కలనుండి నూటికి 95కు పైగా గింజలు అలాగే వచ్చాయి. గింజలో పాలు పోసుకొనడానికి మాత్రం పుప్పొడి ఇప్పటికీ కావలసిందే.

శిప్రా గుహ ముఖర్జీ 2007లో కన్నుమూశారు. వరి గుట్టు బయటపడడానికి అప్పటికి ఇంకా 12 ఏళ్ళున్నవి.