పురుషులకును రొమ్ము కాన్సరు

అనుమసముద్రంపేట దర్గాకు హిందువులు, ముసల్మానులు అను భేదము లేక రోగార్తులు వచ్చుచుందురు. అచట తమ బాధ చెప్పుకొనుటకు ఎవరును సంకోచింపరు. కాని రొమ్మున గడ్డ లేచినదని చెప్పుటకు మాత్రము మగవానికి నోరు రాదు. ఆ వ్యాధి స్త్రీలదే యని లోకము నమ్మియున్నది. ఈ నమ్మకమే ప్రాణములు తీయుచున్నది.

పురుషునకును చనుమొన వెనుక కొద్దిపాటి రొమ్ముకండ జన్మతః కలదు. కాన్సరు అందే పుట్టును. అరుదనుట నిజమే. రొమ్ము కాన్సరు రోగులు 100 మందిలో పురుషుడు రమారమి ఒక్కడు. అతడును తరచుగా 60 ఏండ్లు దాటినవాడు. నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోనికి ముడుచుకొనుట, దానినుండి నెత్తురు కారుట, మానని పుండు, చంకలో బిళ్ల — ఇవి గుర్తులు. రొమ్ము ఉబ్బినంతనే బెదరనక్కరలేదు. యౌవనమునను, వార్ధక్యమునను, కొన్ని మందులవలనను వచ్చు వాపు వేరు. ఏది యేదో సూదితో ముక్క తీసి పరీక్షించిన గాని తేలదు.

వింత యేమనగా, మన మెట్టరైతు వేసవి యంతయు భుజమున తువాలుతోనే తిరుగును. స్త్రీ మరుగుపరచుకొను అవయవము వీనికి బట్టబయలు! కండ పలుచన గనుక గడ్డ చేతికి సులభముగ తగులును. అయినను స్త్రీలకంటె ఆలస్యముగనే వైద్యుని చేరుచున్నాడు. ఈలోగా వ్యాధి ఆ పలుచని కండను దాటి చర్మమునకు ప్రాకును.

చికిత్స లేకపోలేదు. శస్త్రముచే రొమ్మును తొలగింతురు. అవసరమైనచో కిరణచికిత్సయు, మందులును ఇత్తురు. పురుషులలో ఈ కాన్సరు నూటికి 90 వంతులు ఈస్ట్రోజనుచే పెరుగునది గనుక టమాక్సిఫెన్ మాత్రను సాధారణముగ 5 ఏండ్లు వాడుదురు. రొమ్ము కాన్సరుకు చిరకాలము వాడిన మెథోట్రెక్సేటు మన భీమవరపు యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషిఫలమే.

మరొక సంగతి. బి.ఆర్.సి.ఎ. 2 అను జన్యువునందలి లోపము కొందరికి వంశమున వచ్చును. తండ్రికది యున్నచో ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగము అవకాశము కలదు. కావున తండ్రి దాచిన గడ్డతో కూతురికి అందవలసిన హెచ్చరికయు దాగిపోవును.

1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారు స్థాపించిన అడయారు కాన్సరు సంస్థ మనకు దూరము గాదు. అంతదూరము పోవుటకు ముందు ఆత్మకూరు సర్కారు ఆసుపత్రి కలదు. దర్గాకు పోవలదని మేమనము. మ్రొక్కు చెల్లించిన వారముననే అచటికి పోయి చొక్కా విప్పి చూపుడని మాత్రము కోరుచున్నాము.